మా సీలింగ్ కాదు మహాప్రభో

నిన్న రాత్రి సంగతి. గ్రూపు తెరవడానికి ఇంకా ధైర్యం చాలడం లేదు.

మా బెడ్‌రూమ్ సీలింగ్‌కి చెమ్మ దిగుతోంది. ఫోటో తీసి అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో పెట్టాను. "మసగ్గా ఉందండీ. ఫోటోగా కాదు, డాక్యుమెంట్‌గా పంపండి, క్లారిటీ తగ్గదు" అన్నారు సెక్రటరీ గారు. రోజూ తెల్లవారుజామున 5 గంటలకే గులాబీల పక్కన టీ కప్పు పెట్టి 84 ఫ్లాట్లకూ మసక శుభోదయం పంపే మనిషికి ఉన్నట్టుండి క్లారిటీ గుర్తొచ్చింది.

సరే, డాక్యుమెంట్ నొక్కాను. ఫైళ్లకి అన్నీ అంకెల పేర్లే. పైనున్నది పంపేసి, కింద "బెడ్‌రూమ్‌లోది. రోజురోజుకీ పెద్దదవుతోంది. అర్జంటుగా చూడగలరు" అని రాశాను.

అది సీలింగ్ కాదు, నా నడినెత్తి. జుట్టు ఎంత మిగిలిందో చూసుకుందామని ఫోన్ వెనక్కి పెట్టి, ట్యూబ్‌లైట్ కింద తీసుకున్నది. మామూలు ఫోటోగా పంపితే వాట్సాప్ దాన్ని కుదించేది, నా పరువు మసగ్గానైనా దక్కేది. డాక్యుమెంట్ కాబట్టి ఉన్నదున్నట్టు దిగింది. వెంట్రుకలు లెక్కపెట్టుకోవచ్చు. ఎక్కువసేపు కూడా పట్టదు.

ఘోరం ఏమిటంటే, ఒక్కరికీ అనుమానం రాలేదు. "అయ్యో, మధ్యలో ప్లాస్టర్ మొత్తం ఊడిపోయిందే!" అన్నారు 203 ఆంటీ. "చుట్టూ నల్లగా ఉన్నది బూజండీ, పిల్లల్ని ఆ గదిలో పడుకోబెట్టకండి" అన్నారు 305 డాక్టర్ గారు. "మాకూ ఇలాగే మొదలైంది, అశ్రద్ధ చేస్తే మొత్తం పోతుంది" అని ఇంకొకాయన. ఆయన చెప్పింది సీలింగ్ గురించో నెత్తి గురించో నేను అడగలేదు. ఇంతలో మా పై ఫ్లాటాయన "మా బాత్‌రూమ్ నుంచి ఒక్క చుక్క దిగట్లేదు, కావాలంటే వచ్చి చూస్కోండి" అని గొడవకి దిగాడు. నా బట్టతలతో తన బాత్‌రూమ్‌కి సంబంధం లేదని ఆ మహానుభావుడు గంటసేపు వాదించాడు. నిజమే కదా, నేనేం కాదంటాను?

గబగబా డిలీట్ కొట్టాను. కొట్టింది 'డిలీట్ ఫర్ మీ'. నా ఫోన్లోంచి నెత్తి మాయమైంది, మిగతా 83 ఇళ్లలో పదిలంగా ఉంది. అండూ చేసుకోడానికి 5 సెకన్లు ఉంటుంది. ఆ 5 సెకన్లూ నేను 'హమ్మయ్య' అనుకోవడానికి వాడేశాను. అందరి ఫోన్లలోంచీ తీసేయడానికి 60 గంటల గడువుంది గానీ, నొక్కి పట్టుకోవడానికి నా దగ్గర ఆ మెసేజే లేదాయె.

అడ్మిన్ తీసేయొచ్చు. అడ్మిన్ ఎవరు? సెక్రటరీ గారే. ఫోన్ చేశాను. "తీయడమెందుకండీ, ఇంత క్లియర్‌గా ఇంతవరకు ఎవరూ పంపలేదు. పైన పిన్ చేశాను, అందరూ ఇలాగే పంపాలి" అన్నారు.

పొద్దున్నే వాటర్‌ప్రూఫింగ్ మేస్త్రీ ఫోన్. ఆయనకీ వెళ్లిందట.

"పెద్ద పనేం కాదు సార్. చుట్టూ మిగిలింది కూడా గీకేసి రెండు కోటింగులు కొట్టేద్దాం. ఇంట్లోనే ఉంటారా?"