ఒక్క చుక్క ఆయిల్ ఇంజిన్ ఆయుష్షు చెప్పదు

కొన్ని వారాలుగా హైదరాబాద్‌లో విమాన నిర్వహణ చదువుతున్న విద్యార్థుల వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం తిరుగుతోంది. ఇంజిన్ నుంచి తీసిన ఒక్క చుక్క ఆయిల్‌ను పరీక్షిస్తే ఏ భాగం అరిగిందో, ఇంకెన్ని గంటలు పనిచేస్తుందో తేలిపోతుందనీ, రిపోర్టు నార్మల్ అయితే ఇంజిన్ జోలికి పోనక్కరలేదనీ, ఇనుము హద్దు దాటితే ఓవర్‌హాల్ (ఇంజిన్ పూర్తిగా విప్పి బాగుచేయడం) తప్పదనీ, ఇదంతా కొత్తగా వచ్చిన పరిజ్ఞానమనీ దాని సారాంశం. బేగంపేటలో శిక్షణ విమానాల పిస్టన్ ఇంజిన్ల మధ్య చాలా ఏళ్లు పనిచేసినవాణ్ణి. ఈ పరీక్ష మీద గౌరవం ఉంది కనుకనే దాని పేరిట సాగుతున్న ఈ ప్రచారానికి జవాబు రాస్తున్నాను.

కొత్తదన్న మాట నిజం కాదు. అమెరికా రైల్వేలు 1940లలోనే డీజిల్ ఇంజిన్ల ఆయిల్‌లో లోహాలను కొలిచాయి. 1950లలో ఆ దేశపు నౌకాదళం అదే పద్ధతిని విమానాలకు వర్తింపజేసింది.

రిపోర్టు నార్మల్ అయితే ఇంజిన్ క్షేమమన్నది వీటన్నిటిలో ప్రమాదకరమైన మాట. ఈ పరీక్ష చేసే యంత్రమైన స్పెక్ట్రోమీటర్ ఆయిల్‌ను స్పార్కులోనో ప్లాస్మాలోనో మండించి, ఒక్కో లోహం వెలువరించే కాంతిని బట్టి అది ఎన్ని పీపీఎం, అంటే పది లక్షల భాగాల్లో ఎన్ని భాగాలు, ఉందో చెబుతుంది. అయితే దాదాపు 10 మైక్రాన్లకు మించిన రేణువు అక్కడ పూర్తిగా ఆవిరి కాదు కాబట్టి సరిగా లెక్కకు రాదు. తల వెంట్రుక మందమే 70 మైక్రాన్ల చుట్టుపక్కల ఉంటుంది. బేరింగ్ పెచ్చులూడినప్పుడు, వాల్వులను తెరిపించే కామ్‌షాఫ్ట్ లోబ్ (దాని మీది ఉబ్బెత్తు భాగం) చెక్కుకుపోయినప్పుడు రాలే ముక్కలు కంటికి కనిపించేంత పెద్దవి. అవి ఫిల్టర్ మడతల్లోనో ఆయిల్‌లోని లోహపు ముక్కలను పట్టే చిప్ డిటెక్టర్ అయస్కాంతం మీదనో చిక్కుతాయి గాని శాంపిల్ సీసాలోకి రావడం అరుదు. ల్యాబ్ నుంచి ఏ వ్యాఖ్యా లేకుండా రిపోర్టు వచ్చిన ఇంజిన్‌లోనే, ఫిల్టర్ కోసి చూసినప్పుడు లిఫ్టర్ (కామ్‌షాఫ్ట్ లోబ్ మీద ఆని కదిలే భాగం) నుంచి ఊడిన మెరిసే పెచ్చులు దొరకడం నేను కళ్లారా చూశాను. కనుక ఫిల్టర్‌ను కట్టర్‌తో కోసి, కాగితపు మడతలు విప్పి, మంచి వెలుతురులో పరిశీలించి, అయస్కాంతం తగిలించి చూసే పనిని ఏ ల్యాబ్ కాగితమూ తప్పించలేదు. ఇక పిస్టన్ల కదలికతో తిరిగే క్రాంక్‌షాఫ్ట్‌లో పగులు పాకుతుంటే ఆయిల్‌లోకి లోహమే రాలకపోవచ్చు.

ఇనుము అంకె చూసి ఇంజిన్ విప్పేయమనడం కూడా తొందరపాటే. 25 గంటలు నడిచిన ఆయిల్‌కూ 50 గంటలు నడిచిన ఆయిల్‌కూ ఒకే హద్దు పెట్టలేము. మధ్యలో కొత్త ఆయిల్ పోస్తే అంకె పలచబడుతుంది, కొత్త సిలిండర్ వేస్తే అది కుదురుకునే దాకా పెరుగుతుంది. మన ఊళ్లో దీనికి మరో కారణం కూడా ఉంది. చిన్న విమానాల్లో వాడే లైకమింగ్ కంపెనీ ఇంజిన్లలో చాలావాటికి కామ్‌షాఫ్ట్ క్రాంక్‌షాఫ్ట్‌కు పైన ఉంటుంది. వానాకాలంలో విమానం వారాల తరబడి కదలకుండా నిలిచిపోతే అక్కడి ఆయిల్ కిందికి జారిపోయి, తేమకు తుప్పు పడుతుంది. మళ్లీ ఎగరడం మొదలుపెట్టాక తీసే మొదటి శాంపిల్‌లో ఇనుము పెరగడానికి అదే కారణం కావచ్చు. అందువల్ల పోల్చవలసింది అదే ఇంజిన్ పాత రిపోర్టులతో. సీసం విషయంలో అయితే కొత్తవారు మరీ బెదిరిపోతారు: పిస్టన్ విమానాలకు పోసే 100ఎల్ఎల్ పెట్రోలులో లీటరుకు 0.56 గ్రాముల దాకా సీసం ఉండవచ్చు, అది దహనం తరువాత ఆయిల్‌లోకి చేరుతుంది కనుక వేల పీపీఎం కనిపించడం మామూలే. దాన్ని బేరింగ్ అరుగుదలగా చదవకూడదు.

ఏ భాగమో తేలుతుందన్నది సగం నిజం. ఇనుముతో పాటు నికెల్ పెరిగితే వాల్వ్ గైడ్లను (వాల్వు కాడ కదిలే గొట్టాలను) అనుమానిస్తాము. క్రోమియం కనిపిస్తే పిస్టన్ రింగులా, క్రోమ్ పూసిన సిలిండర్లా అన్నది ఆ ఇంజిన్‌లో ఏవి బిగించారో తెలిసినవారే చెప్పగలరు. సిలికాన్ పెరిగితే ఎయిర్ ఫిల్టర్ దాటి వచ్చిన దుమ్ము కావచ్చు, ఈమధ్య వాడిన సీలెంట్ కావచ్చు.

ఒక్క చుక్క చాలదు, ఎలా తీసినా చెల్లదు. ఇంజిన్ ఆపిన కొద్దిసేపటికే, ఆయిల్ వేడిగా ఉండగానే, కారుతున్న ధార మధ్యలో శుభ్రమైన సీసా పట్టాలి. చల్లారాక అడుగున పేరుకున్నది పడితే ఆ శాంపిల్ ఇంజిన్ తీరును చూపదు.

ఇంకెన్ని గంటలు నడుస్తుందన్న అంకె ఏ స్పెక్ట్రోమీటర్ తెర మీదా రాదు. అనుమానం ఉన్నప్పుడు ల్యాబ్ చెప్పేది ఫిల్టర్ చూడండి, బోరోస్కోప్ (సిలిండర్ లోపలికి చూసే సన్నని కెమెరా) పెట్టండి, తక్కువ గంటలకే మళ్లీ శాంపిల్ పంపండి అని. ఆ రెండో సీసా మీద ఇంజిన్ గంటలు, ఆయిల్ గంటలు, మధ్యలో ఎంత ఆయిల్ పోశారో తప్పక రాయండి. అవి లేకుండా వచ్చిన శాంపిల్‌ను ఎంత అనుభవం ఉన్నవారైనా చదవలేరు.