నిశ్శబ్దవేధి

దశరథుడికి శబ్దభేది విద్య వచ్చు. చీకట్లో ఏటి ఒడ్డున కుండ బుడబుడమంటే ఏనుగు నీళ్ళు తాగుతోందనుకుని బాణం వదిలాడు. ఆ తర్వాత ఏమైందో మనకు తెలుసు. ఇలాంటి పొరపాట్లు జరగకూడదనే టెక్సాస్ రాష్ట్రంలో వేటగాళ్ళకు హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు పెట్టారు. ఎదుట ఉన్నదేమిటో కంటితో చూసి తేల్చుకోనిదే కాల్చకూడదని అందులో నేర్పుతారు. అయితే 1971 సెప్టెంబర్ 2న గానీ, ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళకే ఆ కోర్సు తప్పనిసరి. కాబట్టి దశరథుడు రేపు డాలస్‌లో దిగినా ఆయనకు మినహాయింపే.

మా తోడల్లుడికి ఆ అదృష్టం లేదు. 1986లో పుట్టాడు. కోర్సు చేసి, పాసై, వేట లైసెన్సు తీసుకున్నాడు. పంది కోసమని మీరు అనుకుంటే పొరపాటు. టెక్సాస్‌లో ప్రైవేటు భూమిలో అడవిపందిని కొట్టడానికి లైసెన్సు అక్కర్లేదు, ఆసామి ఊఁ అంటే చాలని 2019లో చట్టం చేశారు. మావాడికి లైసెన్సు కావలసి వచ్చింది హెచ్1బి వల్ల. తాత్కాలిక వీసా మీద ఉన్న విదేశీయుడు తుపాకీ పట్టకూడదని అమెరికా కేంద్ర చట్టం ఒక చోట గట్టిగా చెబుతుంది. ఇంకాస్త కిందికి వెళ్ళాక, వేట లైసెన్సు ఉంటే పట్టవచ్చని మెల్లగా చెబుతుంది. కంపెనీ మారాలంటే కొత్త పిటిషను, పెళ్ళాం ఉద్యోగం చేయాలంటే వేరే పర్మిట్టు. రైఫిలుకి మాత్రం దారి వదిలారు. చట్టం చేసినవాళ్ళ దయ ఎక్కడ ఉబుకుతుందో చెప్పలేం.

రైఫిలుతో ఊరుకుంటే ఈ వ్యాసం అవసరం ఉండేది కాదు. దాని మూతికి సప్రెసర్ కూడా కావాలన్నాడు. అంటే సైలెన్సర్. ఆ మాట వినగానే మనకు బుల్లెట్ బండి గుర్తొస్తుంది. మన కుర్రాళ్ళు షోరూం నుంచి బండి తెచ్చిన రోజే సైలెన్సర్ ఊడదీసి, వీధి అదిరిపోయే గొట్టం బిగిస్తారు. విశాఖలో పోలీసులు అలాంటి గొట్టాలను పట్టుకుని, రోడ్డు మీద వరసగా పేర్చి రోడ్ రోలర్‌తో తొక్కించారు కూడా. ప్రయాణం చేసే బండికి చప్పుడు ఉండి తీరాలి, ప్రాణం తీసే తుపాకీకి ఉండకూడదు. రెండు దేశాల నాగరికతలకూ తేడా ఇక్కడే ఉందని నా అభిప్రాయం.

నిజానికి రెండు సైలెన్సర్లలోనూ చేయి పెట్టినవాడు ఒకడున్నాడు, హైరమ్ పెర్సీ మాక్సిమ్. వాళ్ళ నాన్న మెషిన్ గన్ కనిపెట్టాడు, దాన్ని పరీక్షించీ పరీక్షించీ చెవుడు తెచ్చుకున్నాడు. కొడుకు 1909లో తుపాకీ సైలెన్సర్‌కు పేటెంటు సంపాదించి, అదే కిటుకును ఇంజన్లకూ వాడాడు. ఇంట్లో ఒకరు చేసిన గోల ఇంకొకరు సర్దడమంటే ఇదే. అదే పెద్దమనిషి 1914లో రేడియోలో రాత్రింబవళ్ళు కబుర్లు చెప్పుకునే హామ్ ఔత్సాహికులకు ఒక సంఘం కూడా పెట్టాడు. చప్పుడు తగ్గించే వస్తువుకీ, ఆగకుండా మాట్లాడే మనిషికీ ఏదో లంకె ఉందని నాకు అప్పుడే అనుమానం వచ్చింది. మా తోడల్లుడు దాన్ని రుజువు చేశాడు.

సప్రెసర్ కోసం దరఖాస్తు పెట్టిన రోజు నుంచి మా ఇంట్లో వేరే మాట లేదు. వేలిముద్రలు, ఫోటో, ఫారం. సప్రెసర్ మీద 1934లో పెట్టిన 200 డాలర్ల పన్ను తొంభై ఏళ్ళు దాటినా ఒక్క సెంటు పెరగలేదు. గుడ్లు పెరిగాయి, పెట్రోలు పెరిగింది, అద్దెలు పెరిగాయి, ఇది పెరగలేదు. ఆ రోజుల్లో వస్తువు కంటే పన్ను ఎన్నో రెట్లు ఎక్కువ, చెవి కంటే కమ్మ బరువు అన్నట్టు. 2026 జనవరి 1 నుంచి ఆ పన్ను సున్నా చేశారు. పన్ను పోయింది గానీ వేలిముద్రలు పోలేదు. మావాడికి ఆమోదం కొద్ది రోజుల్లోనే వచ్చేసింది. గ్రీన్ కార్డు కోసం అవే వేళ్ళు పెట్టుకుని పదకొండేళ్ళుగా క్యూలో ఉన్నాడు. ఆ మెయిలు చూసి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. "అన్నయ్యా, ఈ దేశం నన్ను నమ్మింది" అన్నాడు.

వస్తువు ఇంటికొచ్చింది. చూడడానికి నల్లటి గొట్టం, అంతే. లోపల మన స్టీలు క్యారియర్ గిన్నెల్లా ఒకదాని వెనక ఒకటి అడ్డుపలకలు, మధ్యలో తూటా పోవడానికి దారి. వేడి గ్యాసు ఒక్కసారిగా బయటికి తన్నుకు రాకుండా గిన్నె గిన్నెకీ ఆగి, చల్లబడి, మర్యాదగా బయటికొస్తుంది. నాలుగు తూటాలు కాల్చేసరికి గొట్టం పొయ్యి మీది పెనంలా కాలుతుంది, దాని మీద లేచే వేడిగాలికి గురి వణికినట్టు కనిపిస్తుంది. అందుకని దానికి గుడ్డ తొడుగులు కూడా అమ్ముతారు. మా మరదలు ఆవకాయ జాడీకి కట్టే గుడ్డను తలుచుకుని నిట్టూర్చింది.

ఇక్కడ వార్మింట్ అనే మాట నేర్చుకోవాలి. పంటకో పశువుకో నష్టం చేస్తుంది కాబట్టి పోతే పోయిందని మనుషులు తీర్మానించుకున్న జంతువు అని అర్థం. తీర్మానంలో జంతువుకు ఓటు లేదు. కాయోటీ, అంటే ఇక్కడి నక్కలాంటి తోడేలు, ఆ జాబితాలో ఉంది. ప్రెయిరీ డాగ్ కూడా ఉంది, పేరులోనే కుక్క, నిజానికి ఉడుతల కుటుంబం. రాముడు వీపు నిమిరిన జాతికి ఇక్కడ పట్టిన గతి అది. ఇక అడవిపంది. మూడు వందల ఏళ్ళ కిందటే స్పెయిన్ వాళ్ళ వెంట వీసా లేకుండా టెక్సాస్ వచ్చింది. అది చాలదని 1930లలో వేట సరదా కోసం యూరప్ నుంచి కోరల పందుల్ని తెచ్చి వదిలారు. ఇప్పుడు పాతిక లక్షలు దాటి ఉంటాయని అంచనా. సరదా ముదిరి సమస్య అయ్యాక హెలికాప్టర్లో కూర్చుని కాల్చడానికి కూడా 2011లో అనుమతిచ్చారు. అంటే పంది మీద గగనతలం నుంచి జరిపే దాడికి చట్టబద్ధత ఉంది, దాని చెవులకు మాత్రం ఇబ్బంది కలగకూడదు.

మార్చి నెల శుక్రవారం రాత్రి నన్నూ తీసుకెళ్ళాడు. డాలస్ నుంచి రెండు గంటల దూరం, ఒక ముసలాయన పొలం, కొత్తగా మొక్కజొన్న వేశాడు. పంది సాలు పట్టుకుని నడుస్తూ ముట్టెతో పెళ్ళగించి ఒక్కొక్క గింజా తింటుంది. మన నాగలి సాలంత తిన్నగా తింటుంది, అది మాత్రం ఒప్పుకోవాలి. ఒంటి వేడిని పట్టి చూపే థర్మల్ స్కోపులో చూస్తే నల్లటి పొలంలో తెల్లగా పద్నాలుగు ఇడ్లీలు కదులుతున్నాయి. స్కోపు ధర నేను రాయను, మా మరదలు ఇది చదువుతుంది.

మావాడు చెవులకు మఫ్‌లు తగిలించుకున్నాడు. "సైలెన్సర్ ఉందిగా, ఇవెందుకు?" అన్నాను. జాలిగా చూసి లెక్క చెప్పాడు. రైఫిలు మోత 160 డెసిబెల్స్ పైమాటే. సప్రెసర్ అందులో ఇరవై నుంచి ముప్పై అయిదు దాకా తగ్గిస్తుంది. మిగిలినదానికి పొలంలో గుడ్లగూబ లేచిపోతుంది గానీ చెవిలోంచి రక్తం రాదు. సినిమాల్లో వినపడే 'టుస్' అన్న చప్పుడు సినిమాలకే పరిమితం. మెల్లగా పోయే తూటాలతో అయితే చప్పుడు నిజంగానే తగ్గుతుందట, కానీ అవి విసిరిన మామిడికాయలా వంగి పడతాయి.

కాల్చాడు. ఆ రైఫిలు తూటా ధ్వనికి దాదాపు మూడు రెట్ల వేగంతో పోతుంది. మూతి దగ్గరి మోతను గొట్టం మింగింది గానీ, తూటా గాలిని చీల్చుకుపోయే చప్పుడు దాని చేతిలో లేదు. ఆ చప్పుడు పొలం పొడుగునా కొరడా ఝళిపించినట్టు చెళ్ళుమంది. సప్రెసర్ అమ్మేవాళ్ళు చెప్పే గొప్ప లాభం ఒకటుంది: ఆ చెళ్ళు ఎటునుంచి వచ్చిందో పందికి అంతు చిక్కదు. అది అక్షరాలా నిజమని నేను ప్రమాణం చేయగలను. పద్నాలుగు పందులూ తలలెత్తాయి, ఎటు పోవాలో తెలియక ఒక్క క్షణం ఆగాయి, తర్వాత ఏకగ్రీవంగా మావైపు పరుగెత్తుకొచ్చాయి. పికప్ వెనక ట్రేలోకి మేమిద్దరం ఎలా ఎక్కామో ఇప్పటికీ తెలియదు. నా వయసు నలభై ఆరు, మోకాలికి ఆపరేషన్ అయింది. ఆ రాత్రి మొత్తం మీద పెద్ద చప్పుడు చేసింది మా ఇద్దరి గొంతులే, వాటికి బిగించే గొట్టం ఇంకా రాలేదు.

తెల్లవారి ముసలాయన కాఫీ కప్పుతో వచ్చాడు. తవ్వి పోసిన ఎనిమిది సాళ్ళు చూశాడు. "రాత్రి మీరు రాలేదా? నాకేం వినపడలేదే" అన్నాడు. మావాడి మొహం వెలిగిపోయింది. పంది పడకపోయినా పరికరం గెలిచింది.

అప్పుడే అత్తయ్యగారు ఫోన్ చేశారు. మాకు ఉదయం తొమ్మిది, గిద్దలూరు వైపు వాళ్ళ ఊళ్ళో రాత్రి ఏడున్నర. అక్కడా పందుల వేళే. పొలం చుట్టూ పాత చీరలు కట్టారు, మంచె వేశారు, మామయ్యగారికి ఖాళీ నూనె డబ్బా, ఒక కర్ర ఉన్నాయి. మావాడు ఉత్సాహం ఆపుకోలేక అంతా చెప్పాడు, గిన్నెలతో సహా. ఆవిడ ఓపిగ్గా విన్నారు.

"చప్పుడు చేయకపోతే పందికి భయం ఎట్లా వస్తుంది బాబూ?" అన్నారు.

భయపెట్టడం కాదత్తయ్యా, అని మొదలుపెట్టాడు మావాడు. వెనక మామయ్యగారు డబ్బా అందుకున్నారు. ఢబఢబఢబ. మావాడు ఫోన్ చెవికి జానెడు దూరంగా పట్టుకుని వాల్యూమ్ తగ్గించసాగాడు. అందులోంచి అత్తయ్యగారి గొంతు సన్నగా వస్తోంది: "వినపడుతోందా బాబూ? వినపడుతోందా?"