సవరణ: ఎక్కువ మందిని బలి తీసుకునేది పాంక్రియాస్ క్యాన్సర్ కాదు

పోయిన ఆదివారం పెట్టిన పోస్టులో, ప్రపంచంలో క్యాన్సర్లన్నిటిలో ఎక్కువ మంది ప్రాణాలు తీసేది పాంక్రియాస్ (కడుపు వెనక ఉండే క్లోమ గ్రంథి) క్యాన్సర్ అని రాశాను. తప్పు నాదే. ఆ స్థానం ఊపిరితిత్తుల క్యాన్సర్‌ది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ అంచనాల ప్రకారం 2022లో దానివల్ల సుమారు 18 లక్షల మంది చనిపోయారు. పాంక్రియాస్ వల్ల పోయినవాళ్లు 4.7 లక్షల దాకా ఉన్నారు.

నేను రెండు లెక్కలు కలిపేశాను. పాంక్రియాస్ క్యాన్సర్ వచ్చేది తక్కువ మందికే, కానీ వస్తే బయటపడేవాళ్లు చాలా తక్కువ. అదే ఏడాది కొత్త కేసులు 5.1 లక్షలు. మరణాలు దాదాపు అంతే, చూడండి! రొమ్ము క్యాన్సర్ అలా కాదు: కేసులు 23 లక్షలు, మరణాలు 6.7 లక్షలు. మన దేశంలో మాత్రం క్యాన్సర్ మరణాల్లో ముందున్నది రొమ్ము క్యాన్సరే.

కూకట్‌పల్లిలో టీ కొట్టు దగ్గర మా బావ సిగరెట్ వెలిగించి, ఫోన్లో నా పోస్టు చూపిస్తూ "ఊపిరితిత్తులది కాదుగా, ఇంక టెన్షన్ ఎందుకు?" అన్నాడు. అప్పుడు మళ్లీ లెక్కలు తీశాను. బావా, ఇది నీకు కూడా.