నీళ్లు రావని చెప్పొచ్చు, ఎందుకు రావో చెప్పకూడదు

మన దేశంలో విశ్వవిద్యాలయాలు జర్నలిజం నేర్పడం మొదలుపెట్టి వందేళ్లు దాటింది. ఇన్నేళ్లలో ఏం ఉద్ధరించారని కొందరు గొణుగుతుంటారు. వాళ్లకు చరిత్ర తెలియదు.

1920లో అనీబిసెంట్ అడయారులోని తన జాతీయ విశ్వవిద్యాలయంలో ఈ చదువుకు శ్రీకారం చుట్టారు. ఆ ముచ్చట ఎంతోకాలం సాగలేదు. తర్వాత 1941లో లాహోర్‌లోని పంజాబ్ విశ్వవిద్యాలయంలో పీపీ సింగ్ ఒక శాఖ పెట్టారు. దేశ విభజనతో అది మూటాముల్లె సర్దుకుని ఢిల్లీ చేరింది, 1962లో చండీగఢ్‌కు మారింది. వార్త ఎక్కడుంటే అక్కడికి పరిగెత్తమని చెప్పడమే కాదు, తానే పరిగెత్తి చూపించిన శాఖ మరొకటి ఉండదు. మన ఉస్మానియాలో 1954లో మొదలైంది. అది అప్పటి నుంచీ హైదరాబాద్‌లోనే కుదురుగా ఉంది కాబట్టి దాని గురించి చెప్పడానికి అంత థ్రిల్ లేదు.

అసలు ఘనత రేడియోది. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని 1995లో సుప్రీంకోర్టు తేల్చింది. ప్రజల ఆస్తిని ప్రజల చేతికిస్తే ఏమవుతుందో ఏలినవారికి తెలుసు గనుక, ఏడేళ్లు నిదానంగా ఆలోచించి, 2002 చివర్లో పేరున్న విద్యాసంస్థలకు మాత్రం సొంత రేడియో పెట్టుకునే విధానం తెచ్చారు. 2004 ఫిబ్రవరి 1న చెన్నైలో అన్నా విశ్వవిద్యాలయం స్టేషన్ మోగింది. స్వచ్ఛంద సంస్థలకు 2006లో అనుమతి వచ్చింది. 2008లో జహీరాబాద్ దగ్గర మాచనూరులో దళిత మహిళల సంఘం రేడియో మొదలైంది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీకి ఎఫ్‌ఎం 90.4 మీద బోల్ హైదరాబాద్ అనే సొంత రేడియో ఉంది. ఇలాంటి రేడియోల ప్రసార శక్తికి సాధారణంగా పరిమితి నూరు వాట్లు. పూర్వం మన వంటింట్లో వెలిగిన బల్బు పాటిది.

ఇంత పెద్ద ఆయుధం కాబట్టి ఈ రేడియోలకు ఒక షరతు పెట్టారు: వార్తలు చెప్పకూడదు. విద్యార్థికి క్లాసులో వార్త ఎలా రాయాలో, ఎలా చదవాలో నేర్పుతారు. స్టూడియోలోకి వెళ్లగానే అదంతా మరచిపోవాలి. ఈత నేర్పించి, కొలనులో నీళ్లు తీసేయడం లాంటిదని తొందరపాటు మనుషులు అంటారు. నేను ఒప్పుకోను. నీళ్లు లేని కొలనులో ఇంతవరకూ ఎవరూ మునగలేదు కదా.

పైగా ప్రభుత్వం దయ చూపి కొంత సడలించింది. ఆకాశవాణి వార్తల్ని ఉన్నదున్నట్టు వినిపించుకోవచ్చు. ట్రాఫిక్, వాతావరణం, పరీక్షా ఫలితాలు, ఉద్యోగావకాశాలు, కరెంటు, నీటి సరఫరా మీద స్థానిక అధికారులిచ్చే ప్రకటనలు కూడా చెప్పుకోవచ్చు. ఇవి వార్తల కింద లెక్కలోకి రావు. అంటే రేపు నీళ్లు రావని చెప్పడం సమాచారం. ఎందుకు రావని అడిగితే వార్త. పైపు పగిలిందని చెప్పొచ్చు, అదీ అధికారి చెప్పాక. ఆ పైపు వేసిన కాంట్రాక్టరు ఎవరన్నది మాత్రం దేశభద్రత కిందకు వస్తుందని ఊహించుకోవాలి.

మరి టీవీ సంగతో అంటారా? అక్కడ ఇరవై నాలుగు గంటలూ వార్తలే. యూట్యూబ్‌లో సెల్‌ఫోన్ ఉన్న ప్రతివాడూ బ్యూరో చీఫే. ఉపగ్రహం దాకా వెళ్లి కోట్ల మందికి చేరే మాటతో ప్రమాదం లేదు, నాలుగు కాలనీలు దాటని మాటతోనే ముప్పు. ఇంత లోతైన భద్రతా దృష్టి మనకు అర్థం కాకపోతే అది మన చదువు లోపం.

అందుకే సిలబస్‌ను సరిచేయాలని నా మనవి. ఎవరు, ఏమిటి, ఎప్పుడు, ఎక్కడ, ఎందుకు, ఎలా అని ఆరు ప్రశ్నలు పాఠంలో పెట్టి పిల్లల్ని టెన్షన్ పెట్టడం అనవసరం. రేడియో పరీక్ష పేపరుకు ఎప్పుడు, ఎక్కడ సరిపోతాయి. ఎవరు అన్నది అధికారి హోదా వరకే ఉంచితే మేలు. ఎందుకు అన్నదాన్ని ఐచ్ఛికం చేసి, రాసినవాళ్లకు మార్కులు కోయాలి. ప్రాక్టికల్స్‌కు వాతావరణ సూచన చదివిస్తే చాలు. వాన పడనందుకు మేఘాన్ని ప్రశ్నించిన విద్యార్థిని అక్కడికక్కడే డిబార్ చేసేయొచ్చు.