ఊరు పోయింది, అప్పు మిగిలింది

కేరళలోని వయనాడ్ కొండచరియల విపత్తు బాధితుల బ్యాంకు రుణాలను మాఫీ చేయించడం తన పరిధిలో లేదని కేంద్ర ప్రభుత్వం 2025 అక్టోబరులో కేరళ హైకోర్టుకు ప్రమాణపత్రం రూపంలో తేల్చిచెప్పడం తీవ్ర ఆందోళన కలిగిస్తోంది. బ్యాంకుల వ్యాపార నిర్ణయాల్లో తాము జోక్యం చేసుకోలేమని, విపత్తు నిర్వహణ చట్టంలో రుణ ఉపశమనానికి వీలు కల్పించిన 13వ సెక్షన్ ఇప్పుడు అమలులో లేదని కేంద్ర హోంశాఖ వాదించింది. ఆ సెక్షన్ దానంతట అది పోలేదు. 2025 మార్చిలో పార్లమెంటు ఆమోదించిన సవరణతో కేంద్రమే దాన్ని తొలగించింది. తన చేతులతో తొలగించిన అధికారాన్నే చూపి, ఇప్పుడు తన చేతులు కట్టేసి ఉన్నాయని న్యాయస్థానానికి చెప్పడం ఏ రకంగానూ సమర్థనీయం కాదు.

2024 జులై 30 తెల్లవారుజామున మెప్పాడి పంచాయతీలోని పుంచిరిమట్టం, ముండక్కై, చూరల్‌మల గ్రామాలకు ఏం జరిగిందో దేశమంతా చూసింది. దాదాపు మూడు వందల ప్రాణాలు పోయాయి. సైన్యం గంటల వ్యవధిలో బెయిలీ వంతెన కట్టి వందలాది మందిని కాపాడింది. ఆగస్టు 10న ప్రధానమంత్రి స్వయంగా అక్కడికి వెళ్లి బాధితులను పరామర్శించారు. ఇవన్నీ జరిగాయి, జరగవలసినవే. కానీ బతికి బయటపడ్డ కుటుంబం మర్నాటి నుంచి ఎలా బతకాలన్న ప్రశ్న దగ్గరకు వచ్చేసరికి పాలకుల పట్టుదల సడలిపోయింది.

ఆ కుటుంబాల పరిస్థితి ఏమిటో కాస్త దగ్గరగా చూడాలి. ఇల్లు కట్టుకోవడానికి తెచ్చిన అప్పు బ్యాంకు ఖాతాలో అలాగే ఉంది, ఇల్లు మాత్రం లేదు. తాకట్టు పెట్టిన స్థలం మీద ఇప్పుడు బండరాళ్లు మేట వేసి ఉన్నాయి, హద్దురాయి ఎక్కడుందో సర్వేయరు కూడా చూపలేడు. వాయిదాల మీద కొన్న ఆటో బురదలో కూరుకుపోయింది, దాని కిస్తీ మాత్రం నెలనెలా పడుతుంది. మన డ్వాక్రా సంఘాల్లాంటి కుటుంబశ్రీ సంఘాల్లో ఒకరికొకరు పూచీ పడి అప్పు తీసుకున్న మహిళల్లో కొందరు ఆ రాత్రే కన్నుమూస్తే, వారి వంతు భారం మిగిలినవారి మీద పడింది. రాష్ట్ర ప్రభుత్వం తక్షణ సాయంగా వేసిన పదివేల రూపాయల నుంచి ఒక బ్యాంకు ఈఎంఐ కోసుకున్న ఉదంతం 2024 ఆగస్టులో బయటపడి, జనం రోడ్డెక్కితే గానీ ఆ సొమ్ము తిరిగి జమ చేయాలని బ్యాంకర్ల కమిటీ చెప్పలేదు. నెలకు ఆరువేల అద్దె సాయంతో ఎవరి ఇంట్లోనో తలదాచుకున్న కుటుంబానికి, కల్పెట్టలోని ఎల్‌స్టన్ ఎస్టేట్ టౌన్‌షిప్‌లో ఏడు సెంట్ల స్థలం, వెయ్యి చదరపు అడుగుల ఇల్లు దక్కినా, పాత ఇంటి అప్పు ఆ కొత్త గడప దాటి లోపలికి వస్తుంది. బకాయి పేరుకుపోతే, అప్పు తీర్చే తీరుకు కొలమానమైన సిబిల్ స్కోరు పడిపోతుంది. చిన్న దుకాణం పెట్టుకుందామన్నా, మరో ఆటో కొనుక్కుందామన్నా ఏ బ్యాంకూ గుమ్మం ఎక్కనివ్వదు. ఇలాంటి స్థితిలో పునరావాసం అన్న మాటకు అర్థం ఏముంటుంది?

ఏడాదిపాటు వాయిదాల చెల్లింపునకు విరామం (మారటోరియం) ఇచ్చామని, రుణాలను పునర్‌వ్యవస్థీకరిస్తున్నామని, రిజర్వు బ్యాంకు మార్గదర్శకాలు అనుమతించేది అంతవరకేనని కేంద్రం చెబుతోంది. బ్యాంకుల్లో ఉన్నది డిపాజిటర్ల సొమ్మని, మాఫీలు అలవాటైతే అప్పు తీర్చే క్రమశిక్షణ దెబ్బతింటుందని ఆర్థికవేత్తలు కొందరు అంటున్నారు. మామూలు రోజుల్లో ఈ వాదనకు విలువ ఉంది. కానీ అప్పు దేనికోసం తీసుకున్నారో ఆ ఆస్తి, ఆ ఆస్తిని నిలబెట్టిన భూమి, కొన్ని చోట్ల అప్పు తీసుకున్న మనిషి కూడా కొట్టుకుపోయిన చోట క్రమశిక్షణ గురించి పాఠం చెప్పడం తగదు. మారటోరియం కాలంలోనూ వడ్డీ పెరుగుతూనే ఉంటుంది. గడువు ముగిసిన రోజున ఆ కుటుంబం ముందు నిలిచేది మొదటి అప్పు కంటే పెద్ద అప్పు.

అన్నింటికన్నా ఆందోళన కలిగిస్తున్నది ఈ సందర్భంలో స్థిరపడుతున్న ఆనవాయితీ. 2004 డిసెంబరు నాటి సునామీ నేర్పిన గుణపాఠంతో మరుసటి ఏడాది వచ్చిన విపత్తు నిర్వహణ చట్టం, తీవ్రమైన విపత్తుల్లో బాధితుల రుణ చెల్లింపులకు ఉపశమనం కల్పించాలని, సులభ షరతులతో కొత్త రుణాలు ఇవ్వాలని సిఫార్సు చేసే అధికారాన్ని జాతీయ విపత్తు నిర్వహణ ప్రాధికార సంస్థకు ఇచ్చింది. ఆ సంస్థకు అధ్యక్షుడు సాక్షాత్తూ ప్రధానమంత్రి. వయనాడ్ ఉపద్రవాన్ని తీవ్ర విపత్తుగా గుర్తించడానికి కేంద్రానికి అయిదు నెలలు పట్టింది. 2024 డిసెంబరు చివర ఆ గుర్తింపు వచ్చింది, 2025 మార్చిలో ఆ గుర్తింపును ఆసరా చేసుకుని ఉపశమనం కోరే సెక్షనే పోయింది. రుణమాఫీ అంశం హైకోర్టు విచారణలో ఉండగానే ఇది జరిగింది. విపత్తు సంభవించిన నాటికి చట్టంలో ఉన్న రక్షణ, బాధితులు దాన్ని అందుకునే లోపే మాయమైతే, ఇక ఏ విపత్తు బాధితుడు ఏ చట్టాన్ని నమ్ముకోవాలి?

సెక్షన్ లేకపోయినా రాజ్యాంగంలోని 73వ అధికరణ కింద కేంద్రానికి కార్యనిర్వాహక అధికారం ఉందని, ఇక్కడ లోపించింది అధికారం కాదు సంకల్పమని 2025 అక్టోబరు 8న హైకోర్టు ధర్మాసనం ఘాటుగా ఆక్షేపించింది. ఆ ఆక్షేపణ అక్షరాలా సరైనది. ప్రభుత్వరంగ బ్యాంకులకు యజమాని కేంద్రమే, వాటి మూలధన అవసరాలు చూసేదీ కేంద్రమే. వయనాడ్ బాధితుల మొత్తం రుణాలు సుమారు 35 కోట్ల రూపాయలు. గత పది ఆర్థిక సంవత్సరాల్లో బ్యాంకులు తమ ఖాతా పుస్తకాల నుంచి తీసేసిన మొండి బకాయిలు 16 లక్షల కోట్లకు పైబడి ఉన్నాయని పార్లమెంటుకు చెప్పింది ఈ ప్రభుత్వమే. అలా తీసేయడం మాఫీ కాదని, వసూలు ప్రయత్నం సాగుతూనే ఉంటుందని చెబుతారు, సాంకేతికంగా నిజమే. ఆ సాంకేతిక వెసులుబాటైనా ముండక్కై తేయాకు తోటల కూలీకి ఎందుకు దక్కలేదు?

కేరళ కోరిన 2,221 కోట్లలో 2025 అక్టోబరు మొదట్లో మంజూరైంది 260.56 కోట్లు. అంతకుముందు ఇచ్చిన 529.50 కోట్లు సాయం కాదు, రాష్ట్రం తిరిగి తీర్చవలసిన వడ్డీలేని రుణం. రాష్ట్రానికీ అప్పే, బాధితుడికీ అప్పే. ఈ పద్ధతి ఒక్క కేరళతో ఆగదు.

తెలుగువారికి ఇది పొరుగింటి వ్యవహారం కాదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఉద్దానం కొబ్బరి తోటలను నేలమట్టం చేసింది. మొక్క నాటి కాపు అందుకోవడానికి అయిదారేళ్లు పడుతుంది, రైతు అప్పుకు అన్నేళ్ల ఓపిక ఉండదు. 2024 సెప్టెంబరులో బుడమేరు ముంచెత్తినప్పుడు విజయవాడ సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేటల్లో నీట నానిన ఆటోలు, బైకులు, ఫ్రిజ్‌లు, తోపుడుబళ్లలో ఎన్నో వాయిదాల మీద కొన్నవే. అదే రోజుల్లో ఖమ్మంలో మున్నేరు ఒడ్డున ఇళ్లు ఖాళీ చేసి పరుగులు తీసిన కుటుంబాలదీ ఇదే కథ. రాష్ట్ర ప్రభుత్వాలు ఇంటికి ఇంతని పరిహారం ఇచ్చి, బ్యాంకర్లను పిలిచి రుణాలు రీషెడ్యూలు చేయండని కోరగలిగాయి. కోరడం వరకే వాటి శక్తి. సిఫార్సు చేయగల జాతీయ సంస్థకు ఉన్న అధికారాన్ని తొలగించాక, రేపు కోనసీమకో, దివిసీమకో, భద్రాచలానికో ఇలాంటి కష్టం వస్తే మన కుటుంబాలకు వినిపించేదీ ఇదే సమాధానం. వయనాడ్ కేసులో దాఖలైన ప్రమాణపత్రమే నమూనాగా ఊరి పేరు మార్చి మరో హైకోర్టులో దాఖలవుతుంది.

రాజకీయాలకు అతీతంగా ఆలోచించవలసిన ఈ విషయంలో మన పార్లమెంటు సభ్యుల బాధ్యత చిన్నది కాదు. తొమ్మిది వందల కిలోమీటర్లకు మించిన తీరరేఖ ఉన్న రాష్ట్రం నుంచి, ఏటా గోదావరి వరదను ఎదుర్కొనే జిల్లాల నుంచి ఎన్నికై వెళ్లినవారు 13వ సెక్షన్ తొలగింపునకు ఎందుకు అడ్డుచెప్పలేకపోయారో తమ నియోజకవర్గాల ప్రజలకు చెప్పాలి. బిల్లు చదవకుండా సమ్మతించి ఉంటే అది నిర్లక్ష్యం. చదివి సమ్మతించి ఉంటే అంతకన్నా పెద్ద తప్పు. రానున్న పార్లమెంటు సమావేశాల్లోనే ఆ సెక్షన్‌ను, సిఫార్సు చేయవచ్చునన్న పాత రూపంలో కాకుండా చేసి తీరాలన్న నిబంధనగా, తిరిగి చట్టంలో చేర్చాలని పట్టుబట్టాలి. కేంద్రం ఈలోగా చట్టం పేరు చెప్పి తప్పించుకోవడం మాని, తన బ్యాంకులను పిలిచి ఆ 35 కోట్ల లెక్క ముగించాలి. పరామర్శకు వెళ్లి బాధితుల చేతులు పట్టుకున్న ప్రభుత్వం, పద్నాలుగు నెలలు తిరగకుండానే అదే కుటుంబాలను అప్పులవారికి అప్పగించి పక్కకు తప్పుకోవడానికి సిగ్గుపడాలి.