పది అంటే పది కాదట!

పెయింటు గన్‌కి గాలి కొట్టే కంప్రెసర్ మీద స్టిక్కరేమో 10 సీఎఫ్‌ఎం, అంటే నిమిషానికి పది ఘనపుటడుగుల గాలి. తీరా కారు డోరు సగం కొట్టేసరికే ప్రెషర్ డౌన్, గన్ లోంచి పెయింటు చుక్కలు చుక్కలుగా ఉమ్ముతోంది. ఇదేంటయ్యా అంటే, "అది పిస్టన్ డిస్‌ప్లేస్‌మెంట్ సార్" అంటాడు షాపాయన, తాపీగా. ఆ ముక్క డబ్బులు లెక్కపెట్టుకోకముందు చెప్పడానికి నోరు రాలేదా?

ఆ డిస్‌ప్లేస్‌మెంట్ అంటే బోరు (సిలిండర్ లోపలి వెడల్పు), స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం), ఆర్పీఎం (నిమిషానికి తిరిగే చుట్లు) పెట్టి గుణిస్తే వచ్చేది, సిలిండర్ మింగే గాలి. అదీ కాగితం మీద! పిస్టన్ పైదాకా వెళ్లినా హెడ్ దగ్గర కాస్త గాలి ఇరుక్కుని ఉంటుంది. కిందికి దిగేటప్పుడు ముందు అదే ఉబ్బి కూర్చుంటే కొత్త గాలికి జాగా ఏదీ? ప్రెషర్ పెరిగేకొద్దీ ఈ నష్టం ఇంకా ఎక్కువ. పైగా సిలిండర్ వేడి, వాల్వు లీకులు, దుమ్ముపట్టిన ఫిల్టరు. గాలిని ఒక్కసారే నొక్కే చిన్న సింగిల్ స్టేజ్ మెషీన్‌కి 7 బార్ ప్రెషర్ దగ్గర ఆ పదిలో ఆరో ఏడో దక్కితే గొప్ప.

ఇంకో ఘనకార్యం, గాలిని వరసగా రెండుసార్లు నొక్కే టూ స్టేజ్‌లో రెండు సిలిండర్ల లెక్కా కలిపి చెప్పడం. రెండోది నొక్కేది మొదటిది పంపిన గాలినే కదా స్వామీ?

ఫ్రీ ఎయిర్ డెలివరీ (మెషీన్ నిజంగా బయటికిచ్చే గాలి, బయటి మామూలు గాలి లెక్కలో) ఎంత, ఏ ప్రెషర్ దగ్గర? ఈ రెండు అంకెలు స్టిక్కర్ మీద వేయడానికి ఏం రోగం? "పెద్ద ట్యాంకు తీస్కోండి సార్" అట! ట్యాంకు గాలిని పుట్టిస్తుందా?