జబ్బు పేరు దాస్తే మందు అందదు

నాడీకణాలు క్షీణించే వంశపారంపర్య వ్యాధులకు, లోపమున్న జన్యువును సరిచేసే చికిత్స వచ్చేదాకా చేయగలిగింది ఏమీ లేదని మన కుటుంబాలలో చాలామంది నమ్ముతారు. నడక, చేతుల అదుపు క్రమంగా తప్పే ఫ్రీడ్రైక్ ఎటాక్సియా అనే జబ్బు విషయంలో అది ఇప్పుడు నిజం కాదు. చెడిన జన్యువు జోలికి పోకుండా, కణంలోని ఇతర జన్యువులను పనిలోకి దించే ఎన్‌ఆర్‌ఎఫ్2 అనే ప్రొటీన్‌ను పెంచే ఒమావెలోక్సోలోన్ మందుకు అమెరికాలో 2023 ఫిబ్రవరిలోనూ, యూరప్‌లో మరుసటి ఏడాది ఫిబ్రవరిలోనూ అనుమతి లభించింది.

ఈ వ్యాధిలో ఫ్రటాక్సిన్ అనే ప్రొటీన్ చాలినంత తయారు కాదు. దానితో కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియా దెబ్బతిని, వెన్నుపాము, చిన్నమెదడు, గుండె కండరం క్రమంగా పాడవుతాయి. సాధారణంగా బడి వయసులోనే ఇది బయటపడుతుంది: పాదాలు చేర్చి నిలబడమంటే పిల్లవాడు తూలుతాడు, వేలితో ముక్కుకొన తాకమంటే చెయ్యి గురి తప్పుతుంది. ఆక్సీకరణ నష్టాన్ని (కణంలో ఆక్సిజన్ నుంచి పుట్టే హానికర పదార్థాలు చేసే దెబ్బను) తట్టుకునే జన్యువులను నడిపించే ఎన్‌ఆర్‌ఎఫ్2ను, మామూలుగా కీప్1 అనే మరో ప్రొటీన్ పట్టుకుని విచ్ఛిన్నానికి పంపేస్తుంటుంది. మందు ఆ పట్టును సడలించగానే ఎన్‌ఆర్‌ఎఫ్2 కణకేంద్రకంలోకి చేరి ఆ జన్యువులను నడిపిస్తుంది.

103 మందిని చేర్చుకున్న 48 వారాల ప్రయోగంలో, ప్రధాన విశ్లేషణ ప్రకారం, మందు తీసుకున్నవారికీ ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవారికీ వ్యాధి తీవ్రత కొలమానంపై 2.4 పాయింట్ల తేడా కనిపించింది. మందు లేకుంటే ఏడాదికి దాదాపు రెండు పాయింట్లు దిగజారే జబ్బులో ఇది చిన్న లాభమని నేను అనలేను. మూడేళ్ల ఫలితాలను మందు వాడనివారి రికార్డులతో పోల్చినప్పుడు క్షీణత 55 శాతం నెమ్మదించింది, అయితే ఆ పోలికకు మొదటి ప్రయోగమంత బలం లేదు. ఇది జబ్బును నయం చేసే మందు కాదు. పైగా కాలేయ ఎంజైములు పెరగవచ్చు కనుక రక్తపరీక్షలు తప్పవు. పసుపులో ఉండే కర్క్యుమిన్ కూడా ప్రయోగశాలలో ఎన్‌ఆర్‌ఎఫ్2ను పెంచుతుందని విని, పసుపు గుళికలతో సరిపెట్టుకోవాలని చూసేవారు దయచేసి ఆ ఆలోచన మానుకోవాలి.

నన్ను ఎక్కువగా బాధించేది మన గోప్యత. తల్లిదండ్రులిద్దరూ ఆరోగ్యంగా ఉంటూనే లోపమున్న జన్యువును మోస్తుంటే ప్రతి బిడ్డకూ నాలుగింట ఒక వంతు ముప్పు ఉంటుంది, మేనరికాలలో అలాంటి ఇద్దరు కలిసే అవకాశం ఎక్కువ. అయినా చెల్లెలి పెళ్లి ఆగిపోతుందనే భయంతో అన్న తూలుడును నరాల బలహీనతగా చెప్పుకుంటూ ఏళ్లు గడిపేస్తున్నాం. జన్యువులలో ప్రొటీన్ల తయారీకి పనికొచ్చే భాగాలను చదివే సాధారణ ఎక్సోమ్ పరీక్ష ఈ లోపాన్ని పట్టుకోలేకపోవచ్చు. ఫ్రటాక్సిన్ జన్యువులో పదేపదే వచ్చే డీఎన్‌ఏ ముక్కలను (పునరావృతాలను) లెక్కించే పరీక్షను నాడీవైద్యుణ్ణి అడిగి మరీ చేయించుకోవాలి. అమెరికాలో ఈ మందుకు 16 ఏళ్లు నిండాలన్న నియమంతో అనుమతి వచ్చింది గనుక, పన్నెండేళ్ల పిల్లవాడికి నిర్ధారణ ఇప్పుడే జరిగితే, ఈలోగా గుండెనూ, ఈ జబ్బులో పెరిగే అవకాశమున్న రక్తంలోని చక్కెరనూ క్రమం తప్పకుండా చూపించుకుంటూ ఆ వయసుకు సిద్ధంగా ఉండవచ్చు.